వీబ్రెన్ ఫ్రిజ్‌కు గాలాడలేదు

కాలువల మీద లేచే వంతెనల యంత్రాలను ముప్పై ఏళ్లు బాగుచేసిన వీబ్రెన్‌కు కారుకు తగిలించి లాక్కెళ్లే తన కారవాన్ ఇంట్లోని ఫ్రిజ్ మాత్రం లొంగలేదు. ఫ్రీస్‌లాండ్‌లో సరస్సు ఒడ్డున, వేసవి మూడు నెలలూ మా రెండు బళ్ళూ పక్కపక్కనే ఉంటాయి. అతని మొండితనంతో నాకంటే ఎక్కువ వేగినది అతని భార్య చిట్‌స్కే ఒక్కతే.

ఆ ఏడాది కొత్త బండి కొన్నాడు. జూలైలో ఎండలు మండిపోయాయి. ఫ్రిజ్ గ్యాసుతో నడిచేది. దాని వెనక పుట్టే వేడి, బయటి గోడకున్న రెండు జాలీల్లోంచి పోవాలి. పోవడం లేదు. లోపల పదహారు డిగ్రీలు. పాల సంగతి సరే, చిట్‌స్కే ఇన్సులిన్ కూడా అందులోనే ఉంది. మా ఫ్రిజ్‌లో పెట్టుకోమంటే వీబ్రెన్‌కు నామోషీ. శనివారానికి చల్లబడకపోతే ఇంటికి వెళ్లిపోదామని తేల్చేశాడు. ఇల్లంటే నాలుగో అంతస్తు. మోకాళ్ల నొప్పులతో చిట్‌స్కే మెట్లు దిగే స్థితిలో లేదు, పైకి ఎవరూ రారు. ఇక్కడైతే బండి తలుపు బార్లా తీసి బయటి గోడకు కొక్కెం తగిలిస్తే కాఫీ సిద్ధమని అర్థం, పదింటికల్లా జనం వచ్చేస్తారు. మూసి ఉంటే ఎవరూ తట్టరు.

వీబ్రెన్ ఒక ఫ్యాను బిగించాడు. రేకు కత్తిరించి వెనక సందులు మూశాడు. ఇంకో ఫ్యాను పెట్టాడు. ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినపడక మేం చేతులు తిప్పుకుంటూ కాఫీ తాగాం. పదహారు పదిహేనయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం పొద్దున చిట్‌స్కే అతనితో పోట్లాడి, తలుపు లాగేసుకుని లోపలే కూర్చుంది. సాయంత్రానికి అయిదు డిగ్రీలు. రెండో ఫ్యాను పనితనమని వీబ్రెన్ ఉబ్బిపోతుంటే నేను గోడకేసి చూశాను. రెండు జాలీలూ కనిపిస్తున్నాయి. రోజూ ఆ చోట తెరిచిన తలుపు అతుక్కుని ఉండేది. ఈ మహానుభావుడు పని చేస్తున్నంతసేపూ అడ్డమని తలుపు మూసేవాడు, పనవగానే తీసి జాగ్రత్తగా కొక్కెం తగిలించేవాడు.

చెప్పాను. చాలాసేపు తల గోక్కున్నాడు. ఇక తలుపు మూసే ఉంచుదామన్నాడు.

"మూసుకుని కూర్చోడానికి ఇంత దూరం రావాలా?" అంది చిట్‌స్కే. "ఇంటికే పోదాం పద." ఆ గొంతులో కోపం లేదు. అది విని నాకే దిగులేసింది.

వీబ్రెన్ వెళ్లి పనిముట్ల పెట్టె తెచ్చి తలుపు బందులు ఊడదీయడం మొదలుపెట్టాడు. తలుపు మొత్తం పీకి, మోసుకెళ్లి కారు వెనక పెట్టాడు. వానొస్తే ఏం చేస్తావని అడిగాను.

"తడుస్తాం," అన్నాడు, స్క్రూలు జేబులో వేసుకుంటూ. "ఇంటికైతే పోం."