పరాయి ఇంటి పిల్ల వేసిన మేత

నాయనను పూడ్చి వచ్చిన మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరూ ఆయన గురించి మాట్లాడలేదు. పట్టుపురుగుల గురించి మాట్లాడారు.

హోసూరు పక్క కెలమంగలం నుంచి జవళగిరి వైపు పోతే అడవిని ఆనుకుని ఉంటుంది మా ఊరు. దాదాపు ప్రతి ఇంటికీ ఒక పురుగుల షెడ్డు. ఆ వారమే మా పురుగులు చివరి జ్వరం నుంచి లేచాయి. కుబుసం విడవడానికి పురుగు మేత మాని పడుకుంటే మావాళ్లు జ్వరం అంటారు. చివరిసారి లేచాక దాని ఆకలికి అంతుండదు. అప్పుడు ఆకు అందకపోతే గూడు కట్టదు. ఆ ఉదయం మేత నాయనే వేశాడు. తర్వాతి మేతకు కొమ్మలు కోయడానికి మల్బరీ తోటకు పోయి, గట్టు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

చావు మైల ఉన్నవాళ్లు షెడ్డులో అడుగుపెడితే పురుగులు చస్తాయని మా వైపు నమ్మకం. తమ ఇంట పురుగులున్నవాళ్లు చావింటికీ రారు. జీవితమంతా నాయనతో అడవి తిరిగిన మేకల మామ కూడా ఆయన్ను కడసారి కాలవ అవతలి నుంచే చూశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు కానీ దాటి రాలేదు. నాకు ఒళ్లు మండింది.

నాయన ఇంట్లో కంటే బయటే ఎక్కువ బతికాడు. కానీ ఒంటరిగా కాదు. పని లేని రోజు అమ్మనూ నన్నూ వెంటేసుకుని కెలవరపల్లి డ్యాం దగ్గరికి గాలం వేయడానికి పోయేవాడు. అడవి అంచున ఏనుగు లద్దెను పుల్లతో కదిపి, ఎంత పచ్చిగా ఉందో చూసి, మమ్మల్ని వేరే దారిన తిప్పేవాడు. ఏనుగును స్వామి అని దండం పెట్టేవాళ్లతో, "స్వామి అయితే దొంగగా రాగులు మేసేది ఎందుకప్పా, అడిగితే ఇయ్యనా?" అనేవాడు. అనపకాయల కాలంలో ఆడవాళ్ల మధ్య కూర్చుని నానిన గింజల తొక్క పితికి కూరకు పప్పు తీసేవాడు. "ఏమప్పా, చీర కూడా కట్టుకుంటావా?" అని ఎవరైనా గేలి చేస్తే, "పితికిపప్పు తినేటప్పుడు నువ్వు కట్టుకుంటావా?" అని అడిగేవాడు.

హోసూరులో నేను వాదించే చర్చా సభలకు నన్ను మోపెడ్ మీద తీసుకుపోయి, వెనక వరుసలో కూర్చునేవాడు. తిరుగు దారిలో ఒకటే ప్రశ్న. "బాగానే అరిచినావు పాపా. ఎదుటోడు చెప్పింది యినినావా?"

ఆ మధ్యాహ్నం నాకు ఎదుటివాడు చిన్నాయన. షెడ్డు తాళంచెవి ఆయన మొలలో ఉంది.

"ఇంట్లోవాళ్లు ఎవురూ పోకూడదు" అన్నాడు.

"పోకపోతే అవి చావవా చిన్నాయనా?"

"చస్తే ఆకలికి చస్తాయి. మైలకు చావకూడదు."

"ఆకలికి చచ్చింది లేసొచ్చి గూడు కడతాదా?"

"ఇదంతా మీటింగుల్లో చెప్పుకో పాపా. ఈడ కాదు."

రోగం కాళ్లతో, చేతులతో వస్తుందని, అందుకే నాయన షెడ్డు గడపలో సున్నప్పొడి పోసి పెట్టేవాడని, ఏడ్చిన కళ్లతో రాదని చెప్పాను. నా గొంతు వీధిలోకి పోయింది. మూలన కూర్చున్న అమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"వాదించేది ఆపండి. ఈ పాటికి పురుగులు ఆకు కోసం తలకాయలు ఎత్తి చూస్తా ఉంటాయి."

చిన్నాయన మొలలోంచి తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. "నువ్వు పోవచ్చులే. నిన్ను పెండ్లి చేసి కృష్ణగిరికి పంపించినాం. వాళ్ల ఇంటిపేరుదానివి. నీకుండేది రవ్వంత మైల, తలకు పోసుకుంటే పోతాది."

అప్పటికప్పుడు అల్లిన నియమం అది. అవసరం పడితే ఆచారం ఎంత మెత్తగా వంగుతుందో కళ్లారా చూశాను. వంగింది కూడా ఎటు? పెళ్లయిన కూతురు పరాయిదనే మాట మీదే నేను ఏళ్ల తరబడి సభల్లో నిప్పులు కక్కాను. తాళంచెవి అందుకుంటే, నాయనను మట్టిలో పెట్టిన రోజునే ఆయనకు నేనేమీ కానని ఒప్పుకున్నట్టు. అందుకోకపోతే ఆయన చేతి చివరి పంట చచ్చిపోతుంది.

"నేను పరాయిదాన్ని కాదు. ఆయన బిడ్డగానే పోతాను" అన్నాను.

"నువ్వు అట్ల అనుకోని పో. నేను ఇట్ల అనుకుంటాను."

తలస్నానం చేసి తోట వైపు నడిచాను. కాలవ గట్టున మల్బరీ కొమ్మల మోపులు పేర్చి ఉన్నాయి. అవతలి నుంచి మేకల మామ అరిచాడు. "బావ కోయబోయిన సాళ్లే కోసినాను పాపా. నేను ఎనక్కి పోయినంక ఎత్తుకో." అంతసేపూ ఆయన మీద పెంచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆ నమ్మకం మీద కోపం మాత్రం తగ్గలేదు.

సున్నం తొక్కి లోపలికి పోయాను. అమ్మ చెప్పినట్టే పురుగులన్నీ తలలెత్తి ఉన్నాయి. కొమ్మలు పరిచాను. కాసేపటికి, పక్క గదిలో ఎవరో కాగితాలు సర్దుతున్నట్టు, తినే చప్పుడు మొదలైంది.

అమ్మ తలుపు బయట నిలబడి ఉంది. నాయనతో సమానంగా ఆ పురుగులను సాకిన మనిషి.

"అమా, నువ్వూ రా."

"రాను. పంట పోతే నేను తొక్కినందుకే పోయిందంటారు. మొగుణ్ణి తిని పురుగులనూ తినిందంటారు. నిన్ను ఎవురూ ఏమీ అనరు." ఆమె మెడ సాచి చూసింది. "ఆ అంచున పల్చగా పడింది చూడు, ఇంకో కొమ్మ ఎయ్."

చెయ్యి పట్టి లాగబోయాను. ఆమె రెండు అడుగులు వెనక్కి వేసింది. అంత తర్క బలం ఉన్న నేను ఆ రెండు అడుగులను దాటలేకపోయాను.

పురుగులు బతికాయి, గూళ్లు గట్టిగా వచ్చాయి. అది నా వాదం గెలిచినట్టని నేను అనుకునేలోగానే చిన్నాయన ఊరంతా చెప్పేశాడు, పరాయి ఇంటి పిల్ల మేత వేసింది కాబట్టి బతికాయని. ఇప్పుడు మా ఊళ్లో అది ఆచారం. దానికి ఉదాహరణ నేను.

మొన్న పై వీధిలో ఒక చావు జరిగింది. చివరి జ్వరం లేచిన పురుగులు అక్కడా ఉన్నాయి. ఆ ఇంటి పెళ్లయిన కూతురు నాకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు పోయినావంట కదా, నన్నూ పొమ్మంటా ఉండారు. పోయేదా?"

"ముందు పోయి మేత వెయ్. వేసి, మీ అమ్మను లోపలికి పిలువు" అన్నాను.

"రాకపోతే?"

"మళ్లీ పిలువు."

ఆమె ఫోన్ పెట్టేసింది. వాళ్లమ్మ గడప దాటిందో లేదో నాకింకా తెలియలేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆమేనేమోనని లేస్తున్నాను.