కార్డు పట్టుకున్న ఫోటో

నా భార్య పోయిన నెల చనిపోయింది. మీలో చాలామందికి ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాటి మధ్యలోనే ఒకావిడ, మా అమ్మాయి అరంగేట్రం ఫోటోలు ఇంకా రాలేదు, ఇప్పుడెవర్ని అడగాలి అని రాసింది. ఫోటోలు పంపాను.

కాలిఫోర్నియాలో ఈ శాన్ రామన్, డబ్లిన్‌లలో మీ సీమంతాల, ఓణీల ఫంక్షన్ల ఫోటోలు చాలా ఏళ్ళు ఆమే తీసింది. వారమంతా సన్నీవేల్‌లో ఉద్యోగం, శనివారం మీ హాళ్ళు. అందరూ లేచాక ఓ మూల నిలబడి చల్లారిన పులిహోర తినేది. ఆమె తిన్నదా అని ఎవరూ అడిగేవారు కాదు. నాకు మీ మీద కోపంగా ఉండేది. ఆమెకు మాత్రం హాల్లో లైట్ల మీదే కోపం.

ఆమెకు ఇష్టమైనది ఒక పాత లెన్స్. జూమ్ లేదు, ఆటోఫోకస్ లేదు. రింగు వేళ్ళతో తిప్పుతూ, ఊపిరి బిగబట్టి, ఎదుటి మనిషి కనురెప్పలు తేటపడేదాకా ఆగేది. మీరు విసుక్కునేవారు. పిల్లలైతే, "ఆంటీ, ఫోన్‌తో తీసెయ్యొచ్చుగా," అనేవారు. నవ్వి, గడ్డం కొంచెం ఎత్తమనేది.

మొదలుపెట్టే ముందు బూడిద రంగు కార్డు ఒకటి నా చేతికిచ్చి లైటు కింద నిలబెట్టేది. ఆ కార్డు ఉన్న రంగులోనే పడేలా కెమెరాని సరిచేస్తే, మనుషుల రంగులు కూడా ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. అందుకే మీ ప్రతి ఫంక్షన్ ఫోల్డర్‌లో మొదటి ఫోటో నాది. ఎప్పుడు ఇంటికెళ్దామా అన్న మొహం. అవి ఒక్కటి కూడా చెరిపెయ్యలేదని ఈమధ్యే చూశాను.

పెళ్ళికూతుర్ని కాస్త తెల్లగా చెయ్యమని మీలో అడగనివాళ్ళు తక్కువ. అందరికీ ఒకటే చెప్పేది. "లైటు తప్పయితే సరిచేస్తానండీ. అమ్మాయి తప్పు కాదుగా."

సంతాప సభకి మీరు పెద్ద ఫ్రేము చేయించారు. హాల్లోకి వెళ్ళేసరికి దండ కూడా వేసి ఉంది. అందులో పాలరాతి రంగు మనిషి ఉంది. చామనఛాయ పోయింది. గడ్డం మీద పుట్టుమచ్చ కూడా లేదు.

ఎవరీవిడ అని అడిగాను.

"వదినే కదా అన్నయ్యా," అన్నాడు ఫ్రేము చేయించినాయన. "యాప్‌లో చిన్న టచప్ ఇప్పించాం. ఫ్రెష్‌గా లేదూ?"

"బతికినంతకాలం ఆవిడ మీలో ఎవరికీ చెయ్యని పని ఇది," అన్నాను.

దండ తీసి, ఫ్రేముని గోడవైపు తిప్పాను. జనం వచ్చేశారు, ఈ ఒక్క గంటకీ సర్దుకోండి అన్నాడు. ఆ ఒక్క గంట ఆమెది. కార్ తాళాలు తీసుకుని, దగ్గర్లో ఫోటోలు ప్రింట్ చేసే షాపుకి వెళ్ళాను. మీరంతా ఆగారు. ఆగనీ అనుకున్నాను.

నా ఫోన్‌లో ఆమెది ఒకే ఒక్క ఫోటో ఉంది, ఆమె కెమెరాతో నేను తీసి ఎక్కించుకున్నది. ఆమె వెళ్ళిన ఆఖరి ఫంక్షన్‌లోది. అప్పటికే నిలబడలేకపోతోంది. కుర్చీలో కూర్చుని, "ఇవాళ కార్డు నేను పట్టుకుంటా, మీరు నొక్కండి," అంది. రింగు తిప్పడం నాకు చేతకాలేదు. "కంటి మీద, కంటి మీద," అంటూనే ఉంది. నొక్కేశాను. చూసి, "చెవి బాగా తీశారు," అంది. చెరిపెయ్యమని మాత్రం అనలేదు.

ప్రింట్ తెచ్చి బల్ల మీద పెడుతుంటే, చేతిలో ఆ కార్డు బాగాలేదు, కిందిది కత్తిరిద్దాం అని ఎవరో అన్నారు. వినిపించుకోలేదు.

ఆ ఫోటో ఇప్పుడు ఇంట్లో ఉంది. దండ వెయ్యలేదు. చెవి దుద్దు మెరుస్తూ స్పష్టంగా ఉంది. కళ్ళు కొంచెం అలుక్కుపోయాయి. ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచి ఉంది. గడ్డం కింద ఆ బూడిద రంగు కార్డు, దాన్ని పట్టుకున్న వేళ్ళు. వేళ్ళ రంగు సరిగ్గా ఉంది.