కుట్టుమిషన్ మీద పడిన నింద

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే, పక్క సీటులోని అమ్మాయి ఫోనులో స్నేహితురాలితో, "నాకు ఎగ్స్ తక్కువున్నయంటనే, పరీక్ష చేయించిన, ఇంట్ల కూడ చెప్పేసిన," అని పెట్టె అంతా వినేలా అంటోంది. ఎల్బీనగర్‌లో అందరూ దిగిపోయినా నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

గుర్తొచ్చింది మా తోటికోడలు. ఒకే ఇంట్లో కాపురమున్న రోజుల్లో ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. మా వీధిలో సగం జాకెట్లు ఆమె కుట్టినవే. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. బావగారికి మరో సంబంధం చూడమని చుట్టాలు అత్తమ్మ దగ్గర చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. సరిగ్గా అప్పుడే అక్కకు నెల తప్పింది, మరుసటి నెలా తప్పింది. అత్తమ్మ సంబరానికి పట్టపగ్గాలు లేవు. మిషన్ తొక్కితే కడుపుకు వేడి చేస్తుందని దాని మీద దుప్పటి కప్పేసి, అడగకపోయినా చింతకాయ తొక్కు వడ్డించేది.

దవాఖానకు అక్క వెంట నేనే వెళ్లాను. గర్భం కాదమ్మా, అండాలు అయిపోవచ్చాయి, ముట్లు ఆగిపోతున్నాయి అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. అప్పటికి అక్కకు ముప్పై అయిదు నిండలేదు. ఇంట్లో మాత్రం గర్భం కాదని చెప్పి ఊరుకున్నాం. మిషన్ వేడికే కడుపు నిలవలేదని అత్తమ్మ తేల్చేసింది.

పదో తరగతితో చదువాగిన నాకు గ్రంథాలయమే కాలేజీ. అక్కడ కూర్చుని వెతికి వెతికి చదివాను. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారవుతాయి, పుట్టకముందు నుంచే తరుగుతూ వస్తాయి, కొందరిలో ఎందుకో తొందరగా తరిగిపోతాయి. తిన్న తిండి వల్లా కాదు, తొక్కిన మిషన్ వల్లా కాదు. ఇంత తెలుసుకున్నానన్న గర్వంతో వంటింట్లో అక్కకు చెప్పి, అత్తమ్మకూ వివరిస్తానన్నాను.

అక్క ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తలేదు. "మిషన్‌ది తప్పు కాదంటే నాదంటరు చెల్లె. వేడి తగ్గినంక అయితదని ఆశపడనీ. ఇగ కాదని తెలిస్తే నన్నెక్కడికి పొమ్మంటవు?"

అత్తమ్మకు చెప్పే ఆలోచన మానుకుని, కోసిన ఉల్లిగడ్డలు పోపులో వేశాను.

మిషన్‌ను మీర్‌పేట్ చుట్టాలకు ఇచ్చేశారు. ఆటోలోకి ఎక్కిస్తుంటే అక్కే సూదుల డబ్బా కూడా తెచ్చి పక్కన పెట్టింది. మరో సంబంధం మాట మెల్లగా అణిగింది. వేడి తగ్గాలని అత్తమ్మ తాను బతికినన్నాళ్లూ సబ్జా గింజల నీళ్లు ఇస్తూనే ఉంది, అక్క తాగుతూనే ఉంది.

అక్క పోయి కూడా చాలాకాలమైంది. ఇప్పటి పిల్లలు ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లతో కలిసి ఏడ్వగలుగుతున్నారు. బాధ అప్పటిదీ ఇప్పటిదీ ఒకటే కావచ్చు. మన కాలంలో మాత్రం, లేదని తెలిసిన ఆశ కోసం రోజూ ఆ గ్లాసెడు నీళ్లు నవ్వు ముఖంతో తాగవలసి వచ్చేది.