గొర్రెల కాపరుల తగువు దాటేసిన శనివారం

మొన్న శుక్రవారం మధ్యాహ్నం, ఇంకా పొద్దు వాలకముందే, మా మనవరాలు ఆ వారం చదవాల్సిన తోరా పాఠాన్ని నా ఫోనుకు పంపి, చాలా పెద్దదిగా ఉంది కాబట్టి తాతయ్య కళ్లకు శ్రమ లేకుండా కొన్ని ముక్కలు తీసేశానని చివర ఒక మాట చేర్చింది. ఏం తీసేసిందా అని చూస్తే, అబ్రాము కాపరులకూ, ఆయన తమ్ముడి కొడుకు లోతు కాపరులకూ మేత దగ్గర వచ్చిన తగువే పూర్తిగా ఎగిరిపోయింది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ తగువును మా ఇంట్లో మొట్టమొదట దాటేసిన ఘనుణ్ణి నేనే మరి.

మేము యూదులం. తెలుగు యూదులమంటే ఇప్పటికీ చాలామంది ఏమిటీ అని రెండోసారి అడుగుతారు. గుంటూరు వైపు మావాళ్లవి కొన్ని కుటుంబాలున్నాయి. శుక్రవారం పొద్దు కుంకింది మొదలు మర్నాడు చీకటి పడేదాకా పొయ్యి వెలిగించం, పని ముట్టం. శనివారం ఉదయం మా ధర్మగ్రంథం తోరాలో ఆ వారపు భాగాన్ని తెలుగులో పైకి చదువుకుంటాం. ఏడాదికి మొత్తం ఒక చుట్టు పూర్తయి మళ్లీ మొదటికొస్తాం. ఒక్క మాటైనా వదలకూడదన్నది మా నాన్న పెట్టిన నియమం. వంశావళుల దగ్గర పిల్లలం కునికిపాట్లు పడుతున్నా ఆయన ఆ పేర్లన్నీ ఓపిగ్గా చదివేవారు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగిన ఆ ఏళ్లలో నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు క్యాబులు సర్దే పనిలో ఉండేవాణ్ణి. కొత్తగూడలో ఒక ఇంటి పైవాటాలో అప్పటికి పదేళ్లుగా కిరాయికి ఉన్నాం. కింద ఇంటాయన. ఆ ఊళ్లోనే పుట్టి, ఇవాళ అద్దాల మేడలు లేచిన గుట్టల మీద చిన్నప్పుడు గొర్రెలు మేపిన మనిషి. శనివారం నేను చదవడం మొదలుపెట్టేసరికి తన టీ గ్లాసు పట్టుకొని వచ్చి మా గుమ్మం ముందు పై మెట్టు మీద కూర్చునేవాడు. మా దేవుడితో ఆయనకు పనిలేదు, కథ కావాలి. శుక్రవారం కాచి ఫ్లాస్కులో పోసుకున్న మా టీని కషాయమని వెక్కిరించేవాడు కూడా.

ఆ ఏడు కొత్తగూడ చౌరస్తాలో శిబిరం వేశారు. ఇంటాయన పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాడు, శనివారం మాత్రం మా చదువు విన్నాకే వెళ్లేవాడు. మైకులో ఆంధ్రావాళ్ల మీద అనే మాటలు మా వంటింట్లోకి వినిపించేవి. అవి మమ్మల్ని అన్న మాటలు కావని తెలిసినా, విన్న ప్రతిసారీ మా ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఇంతలో వరసగా రెండు శనివారాలు ఇంటాయన పైకి రాలేదు. పై మెట్టు ఖాళీగా ఉంటే నాకు చదువు సాగలేదు. ఆయన మనసు విరిగిందనే అనుకున్నాం. మియాపూర్‌లో మా గుంటూరు వైపువాళ్లు ఎక్కువున్న అపార్టుమెంటులో ఒక ఫ్లాటు చూసొచ్చాం. గిన్నెలు సగం మూటకట్టాక, "ఆదివారం మీరే కిందికెళ్లి చెప్పేయండి, ఖాళీ చేస్తున్నామని," అంది మా ఆవిడ. పదేళ్ల ఇల్లు వదలడం కన్నా ఆ మాట ఆయన ముఖం చూసి చెప్పడమే నాకు కష్టంగా ఉంది.

ఆ ఆదివారానికి ముందురోజు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇంటాయన గోడ పట్టుకొని నెమ్మదిగా ఎక్కి వచ్చి, ఏమీ జరగనట్టే తన చోట కూర్చున్నాడు. ఆ వారం పాఠం ఇదే. ఒకే నేల ఇద్దరికీ చాలక, మనం వేరుపడదాం, నువ్వు ఎడమకు పోతే నేను కుడికి పోతానని అబ్రాము అనే చోటు. బయట మైకు మోగుతోంది. నా నోట ఆ మాట ఏ అర్థంలో పడుతుందోనని భయపడి, రెండు పేజీలు ఒకటిగా తిప్పేసి ముందుకు పోయాను. మా నాన్న నియమాన్ని తప్పడం అదే మొదటిసారి.

ఇంటాయన గ్లాసు కింద పెట్టాడు. "ఏంది సారు, పోయినేడు ఈడ గొర్లకాపరుల పంచాయితీ సదివినవ్ గదా. ఈయేడు ఆ ముచ్చటే లేకుండ దాటిచ్చినవ్. నేనున్ననని దాస్తున్నవా?"

అప్పుడు గమనించాను. అంతసేపూ ఆయన తన మోకాళ్లు నొక్కుకుంటూనే ఉన్నాడు. శిబిరంలో కింద కూర్చుని కూర్చుని అవి పట్టేశాయట. రెండు వారాలు మెట్లెక్కలేక కింది నుంచే చెవి ఒగ్గి విన్నాడట.

"మా నాయిన, మా చిన్నాయన గిట్లనే మేత సాలక ఏరువడ్డరు. గుట్టకు ఈ పక్క ఒకలు, ఆ పక్క ఒకలు. మా నాయినకు జరమొస్తే మా గొర్లను తోలుకపోయింది చిన్నాయననే. జర ఎనక్కి తిప్పి సదువు. తర్వాత ఆ లోతును ఎవలో పట్టుకపోతరు గదా, పెదనాయిన పోయి ఇడిపిస్తడు. నాకు గదే కావాలె."

వెనక్కి తిప్పి చదివాను, ఒక్క మాట వదలకుండా. మా ఆవిడ లోపలికి వెళ్లి, మూట విప్పి ఒక గ్లాసు తీసి, ఫ్లాస్కులోని కషాయం ఆయనకూ పోసింది. ఆయన మొదటిసారి దాన్ని వెక్కిరించకుండా తాగాడు. ఆదివారం నేను కిందికి వెళ్లలేదు.

ఆ తర్వాత రాష్ట్రాలు రెండయ్యాయి. మేము ఆ పైవాటాలోనే ఇంకా చాలా ఏళ్లు ఉన్నాం, ఇంటాయన పోయి, ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేదాకా. ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాం. ఇక్కడ అందరూ మంచివాళ్లే, తలుపులు మాత్రం వేసుకుంటారు. శనివారం నేను మా తలుపు తీసే ఉంచుతాను. లిఫ్టు వచ్చి పోతుంటుంది.

మొన్న మనవరాలు పంపింది పక్కన పెట్టి, పాత పుస్తకం తెచ్చుకుని ఆ తగువును పూర్తిగా, కాస్త గట్టిగానే చదివాను. చదవాల్సింది దాటేసిన రోజున ఇంటాయన నన్ను పట్టుకున్నాడు. ఆయనకు చెప్పాల్సింది కూడా ఒకటి దాటేశాను, నీకు భయపడి గిన్నెలు మూటకట్టుకున్నామయ్యా అని. దాన్ని పట్టుకుని, వెనక్కి తిప్పమని అడిగే మనిషి ఇప్పుడు లేడు.