మా గేటు మీద శంఖుపూలు

అనకాపల్లిలో బెల్లం మార్కెట్ దగ్గర మేం అద్దెకున్న ఇంటి గేటు మీద అమ్మ శంఖుపూల తీగ పాకించింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మేం చర్చికి వెళ్లేవాళ్లం. అమ్మ ఆ తీగ వేసింది నీలంరంగు ఇష్టమై, అంతే.

ఎదురింటి బెల్లం వ్యాపారిగారి భార్య రోజూ పొద్దున్నే పూజకని బుట్టతో వచ్చేది. గేటు దగ్గరే నిలబడి, ఊరి కబుర్లన్నీ చెప్పి, బుట్ట నిండాక వెళ్లిపోయేది. రెండేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. కాఫీ ఇస్తానంటే ఇప్పుడే తాగేననేది. మొహమాటం కాబోలు అనుకునేదాన్ని.

ఒకరోజు ఆవిడకి మోకాళ్ల నొప్పులని తెలిసి, పూలు నేనే కోశాను. లారీల దుమ్ము పట్టి ఉంటే మా కుళాయి కింద కడిగి, పళ్లెంలో పెట్టి తీసుకెళ్లాను. ఆవిడ చాచిన చెయ్యి ఆపేసింది.

"తడిగా ఉన్నాయేటి? మీ నీళ్లు పోసేవా?"

కడిగానని చెప్పాను.

"అయితే దేవుడికి పనికిరావమ్మా. పట్టుకెళ్లిపో."

కోపంగా కూడా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. ఒళ్లు మండిపోయింది నాకు. పూలన్నీ కాలవలో పారేసి ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

నాలుగు రోజులకి ఆవిడ ఏమీ జరగనట్టే బుట్టతో వచ్చింది. అమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఇవి తాగి కోసుకోండి వదినగారూ. ఈ తీగని పెంచింది కూడా ఈ నీళ్లతోనే."

ఆవిడ గ్లాసు ముట్టకుండా వెళ్లిపోయింది.

ఆ వారమే మా ఇంట్లో ప్రార్థనకి వచ్చిన సంఘపెద్దకి జరిగినదంతా చెప్పాను. మా పక్షాన మాట్లాడతాడనుకున్నాను. ఆయన తీగ వైపు చూసి మొహం చిట్లించాడు.

"విగ్రహాలకెక్కే పువ్వు మన గుమ్మంలో ఎందుకు సిస్టర్? పీకించెయ్యండి."

ఆవిడకి మా నీళ్లు పనికిరాలేదు, ఈయనకి మా పువ్వు పనికిరాలేదు. బైబిల్లో చెప్పినట్టు సృష్టి మూడోరోజున దేవుడు చేసిన మొక్కల్లో ఇదీ ఒకటేనని అమ్మ మెల్లగా చెప్పింది. తీగ పీకలేదు. ఆయన చాలాకాలం మా గడప తొక్కలేదు.

వానలు మొదలయ్యాక ఎదురింటావిడ మా గేటు మీది ఎండుకాయలు తుంపుకుని వెళ్లడం చూశాను. తన డాబా మీద కుండీల్లో వేసుకోడానికట. నిలదీద్దామని వీధిలోకి పరుగెత్తబోతే అమ్మ జబ్బ పట్టుకుని ఆపింది.

"మొలవనీయే," అంది.

నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.