హిల్మార్ మోచెయ్యి

మా హావ్‌ఫ్లై విమాన కంపెనీకి నలభై ఏళ్ళు నిండాయట. పుస్తకం వేస్తున్నారు. ప్రతి చిన్న విమానాశ్రయం నుంచీ ఒక మామూలు మనిషి గురించి రెండు పేజీలు రాసి పంపమని ట్రోమ్సో పట్నంలోని పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. "సరదాగా, ఆప్యాయంగా ఉండాలి" అన్న మాట కింద గీత కూడా గీశారు. స్కార్వోయ దీవిలో ఇరవై రెండేళ్ళుగా టికెట్లు చింపుతున్నది నేనే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. రాయాలంటే హిల్మార్ గురించే రాయాలి. కానీ అతని గురించి ఆప్యాయంగా రాయడానికి నాకు ముఖం చెల్లదు.

ముందే చెప్పేస్తాను. 1983 ఫిబ్రవరిలో, భార్య గొంతు ఆఖరిసారి వినడానికి ట్రోమ్సో బయలుదేరిన హిల్మార్‌ను విమానంలోంచి దింపేసింది నేనే. ఇది వాళ్ళు అచ్చు వేయరు. వేయకపోతే మానె.

హిల్మార్ పుట్టింది ఇప్పుడు రన్‌వే పడమటి కొస ఉన్న చోట. అప్పుడక్కడ వాళ్ళ గొర్రెలు మేసేవి, కొయ్య పందిళ్ళ మీద కాడ్ చేపలు ఎండేవి. మా కంపెనీ మొదట్లో వారానికోసారి ఒక నీటి విమానం పంపేది. అది రేవులో దిగి ఊగుతూ ఉంటే, తెడ్డు పడవ వేసుకుని వెళ్ళి టపా సంచీనీ మనుషుల్నీ ఒడ్డుకు చేర్చేవాడు కుర్ర హిల్మార్. వాంతి చేసుకున్నవాళ్ళను ముందు దింపేవాణ్ణి, చేసుకోబోయేవాళ్ళను ఇంకా ముందు దింపేవాణ్ణి అని చెప్పేవాడు.

తరువాత ప్రభుత్వం తీరం పొడుగునా పొట్టి రన్‌వేలు వేయాలని తీర్మానించింది. మాకు ఎనిమిది వందల మీటర్లది వచ్చింది. కొండరాయి పేల్చే ముఠాలో హిల్మార్ చేరాడు. పేల్చవలసిన బండల్లో సగం అతని నాన్న మేతబీడులోవే. ఆ ముసలాయన ఏడాదిపాటు కొడుకుతో మాట్లాడలేదు. మొదటి విమానం దిగిన రోజు మాత్రం టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడట.

1972లో రన్‌వే తెరిచారు. టవర్‌లో ఐలిఫ్, కౌంటర్‌లో నేను, మిగతా పనులన్నింటికీ హిల్మార్. మంచు తోసే బండి అతనిదే, నిప్పార్పే బండి అతనిదే. సామాన్లు ఎక్కించడం, రన్‌వే మీదికొచ్చిన గొర్రెల్ని తరమడం కూడా అతని పనే. మా విమానం పంతొమ్మిది సీట్లది. ఏడు దీవుల్లో ఆగుతూ పోయే బస్సు అనుకోండి. దాంట్లో పురుడుకు వెళ్ళే ఆడవాళ్ళు, పన్ను నొప్పివాళ్ళు, కోడిపిల్లల పెట్టెలు, శవపేటికలు అన్నీ వెళ్ళేవి. "మన రన్‌వే మీద ఆగాలంటే పైలట్ పక్క దీవిలో ఉండగానే బ్రేకు మీద కాలెయ్యాలి" అని హిల్మార్ కొత్తవాళ్ళను భయపెట్టేవాడు. నోరు విప్పితే ఇలాంటి మాట ఒకటి, ఆ పైన సాయంత్రం దాకా మౌనం. తన గురించి తాను ఏదీ చెప్పుకునే రకం కాదు.

ఆ లోటు అతని భార్య రాగ్నా పూడ్చేసేది. వాళ్ళ ఇల్లు రన్‌వే కంచె అవతల. మధ్యాహ్నం భోజనానికి ఆవిడ గుమ్మంలోంచి కేకేస్తే ఇటు కౌంటర్‌లో ఉన్న నాకు వినబడేది. ఇంజన్ల మోత మధ్య కూడా హిల్మార్ ఆ కేక పట్టేసేవాడు. ఒక పైలట్ అయితే, రేడియో పాడైనా పరవాలేదు, రాగ్నా ఉంది కదా అనేవాడు. ఆవిడ మాట్లాడుతూ ఉంటే హిల్మార్ బంగాళాదుంపలు ఒలుస్తూ వినేవాడు. ముప్పై ఏళ్ళు వాళ్ళ కాపురం అలాగే సాగింది. 1983 జనవరిలో ఆ గొంతులోనే పుండు బయటపడింది. కాన్సర్. ట్రోమ్సో ఆసుపత్రిలో గొంతుపెట్టె తీసేస్తామన్నారు. ఫిబ్రవరి పదిహేడు, ఉదయం ఎనిమిదింటికి. ఆ తరువాత బతుకుతుంది కానీ ఇక మాట ఉండదు. ముందురోజు వచ్చెయ్యి, రాత్రి దాకా కూర్చుని మాట్లాడుకుందాం అని ఆవిడ చెప్పి వెళ్ళింది.

ఇక మా మోచేతి పద్ధతి చెప్పాలి. పొట్టి రన్‌వే కాబట్టి, గాలి అటూ ఇటూ మారితే విమానం మోయగలిగే బరువు తగ్గిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు దిగాలి. పంతొమ్మిది మందీ ఒకరికొకరు బావలో, మేనత్తలో, పాత పగవాళ్ళో అయిన చోట, పేరు పెట్టి దిగమంటే ఊళ్ళో మూడు తరాల గొడవ. అందుకని మొదటి శీతాకాలంలోనే ఒక అలవాటు పడిపోయింది. నేను వెళ్ళి ఒకరి మోచెయ్యి మీద తడతాను. ఆ మనిషి లేచి నిశ్శబ్దంగా లోపలికి వచ్చేస్తాడు. ఎవరూ తల తిప్పరు, ఎందుకని అడగరు. ఎవర్ని తట్టాలన్నది నా ఇష్టం. అది చాలా పెద్ద అధికారం. అది నాకు లోలోపల నచ్చేది కూడా.

నా చెయ్యి ఎక్కువసార్లు పడింది హిల్మార్ మోచేతి మీదే. అతను కంపెనీ మనిషి. కంపెనీవాళ్ళకు ఆకుపచ్చ టికెట్ ఇస్తారు. సీటు మిగిలితేనే వాళ్ళు వెళ్ళాలి. పైగా అతను తూకానికి సరిగ్గా ఎనభై కిలోలు, కోపం రాని మనిషి. పదేళ్ళలో ఓ ముప్పైసార్లయినా తట్టి ఉంటాను. ప్రతిసారీ, సరే అమ్మాయ్ అని నవ్వుతూ దిగిపోయేవాడు.

పదహారో తేదీ మధ్యాహ్నం మూడింటి విమానం నిండిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి టికెట్లు చింపి జేబులో వేసుకుంటున్నాను. చూసి చింపలేదు. మా దీవిలో అందరి ముఖాలూ తెలిసినప్పుడు టికెట్ చూసేదెవరు? అందరూ ఎక్కాక కెప్టెన్ కిటికీలోంచి తల బయటపెట్టి, గాలి తిరిగింది, ఎనభై కిలోలు తగ్గించమన్నాడు. టపా దింపడానికి రూలు ఒప్పుకోదు. నేను మెట్లెక్కి, చివరి వరుసలో కూర్చున్న హిల్మార్ మోచెయ్యి తట్టాను.

అతను వెంటనే లేవలేదు. "సిగ్రున్, ఇవాళ..." అన్నాడు.

"గాలి మారింది, నన్నేం చెయ్యమంటావ్" అన్నాను.

అతను నావైపు ఒక్క క్షణం చూసి బెల్టు విప్పుకున్నాడు. ముందు వరుసలో మా దీవి మండలి చైర్మన్‌గారు, కూతురి పుట్టినరోజు విందుకు వెళ్తున్న పెద్దమనిషి, తొంభై అయిదు కిలోలు, కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాడు.

మరునాటి ఆపరేషన్ సంగతి నాకు తెలియదని రాయాలని ఎంతగానో ఉంది. తెలుసు. దీవి మొత్తానికి తెలుసు. తట్టిన ఆ నిమిషంలో మాత్రం నాకు గుర్తు రాలేదు. నాకు ఎనభై కిలోలు కావాలి, అవి ఎక్కడ కూర్చున్నాయో తెలుసు. నా బుర్ర అంతకు మించి పనిచెయ్యలేదు.

కౌంటర్ దగ్గరికొచ్చి జేబులోని టికెట్లు బల్ల మీద పరిచాను. విమానం రన్‌వే తూర్పు కొసకు వెళ్ళి తిరిగేలోగా తలలూ టికెట్లూ సరిపోయాయో లేదో చూసి టవర్‌కు చెప్పాలి. నేను చెప్పేదాకా ఐలిఫ్ వదలడు. దిగిపోయిన హిల్మార్‌ది తీసేద్దామని ఆకుపచ్చ టికెట్ కోసం వెతికాను. లేదు. అన్నీ తెల్లవే. ఒక తెల్లదాని మీద హిల్మార్ పేరు ఉంది. టికెట్లు అమ్మే రేవు దగ్గరి కొట్లో, జీవితంలో మొదటిసారి, పూర్తి ధరకు కొనుక్కున్నాడు. ఈ ఒక్కసారి దిగిపొమ్మనే వీలు ఎవరికీ ఉండకూడదని కొనుక్కున్నాడు. అప్పుడు నాకు అన్నీ గుర్తొచ్చాయి. రాగ్నా, ఉదయం ఎనిమిది, గొంతు.

గోడ మీది మైకులో ఐలిఫ్ పిలిచాడు. "సిగ్రున్, లెక్క సరిపోయిందా? పంపించెయ్యనా?"

ఒక్క మాట చాలు. ఆపు అంటే విమానం వెనక్కి వచ్చేది. పది నిమిషాలు ఆలస్యం. నేను మళ్ళీ మెట్లెక్కి, అందరూ చూస్తుండగా చైర్మన్‌గారి మోచెయ్యి తట్టాలి. తప్పు నాదేనని ఒప్పుకోవాలి. ముందు ఏడాదే వేళ తప్పని విమానాశ్రయంగా మాకు పేరొచ్చింది, పెద్దాఫీసువాళ్ళు గోడ గడియారం కూడా పంపారు. సాయంత్రం ఆరింటికి ఇంకో విమానం ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

"సరిపోయింది. పంపెయ్" అన్నాను.

ఆ టికెట్ మడిచి పాకెట్లో పెట్టుకున్నాను.

నాలుగింటికి మంచు తుఫాను మొదలైంది. హిల్మార్ నా దగ్గరికొచ్చి ఫోన్ వాడుకోవచ్చా అని అడిగాడు. మహారాణిలా చెయ్యి ఊపి, వాడుకో అన్నాను. ఆవిడను పరీక్షలకు తీసుకెళ్ళాం, ఆరింటికి చెయ్యండి అంది నర్సు. అయిదున్నరకు కొండ మీది స్తంభం కూలిపోయి దీవిలో ఫోన్లన్నీ మూగబోయాయి. ఆరింటి విమానం రాలేదు. చేపల పడవలవాళ్ళను బతిమాలాడట. ఆ సముద్రంలోకి ఎవరు వెళ్తారు? ఎనిమిది దాకా హాల్లో బెంచీ మీద కోటు విప్పకుండా కూర్చున్నాడు. తరువాత లేచి, ఎవరూ అడగకపోయినా, రన్‌వే మీద మంచు తోయడానికి బండి తీశాడు. తెల్లవార్లూ తోశాడు. తోసిన చోట మళ్ళీ పడుతూనే ఉంది. నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని ఆ బండి చప్పుడు విన్నాను.

మూడోనాటికి గానీ అతను ట్రోమ్సో చేరలేదు.

వసంతంలో రాగ్నా తిరిగొచ్చింది. మెడకు గుడ్డ, చేతిలో చిన్న నోటు పుస్తకం. భోజనం వేళకు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేది. హిల్మార్ బండి మీద ఉండి పదిసార్లు ఇంటివైపు తిరిగి చూసుకునేవాడు, చెయ్యి ఊపితే వినబడదు కదా. నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. అవే హాస్యాలు, వారానికోసారి గుమ్మం దగ్గర ఒక చేప. ఆ చేప వండుకుని తినేదాన్ని. అది గొంతు దిగకపోతే బాగుండేది, కానీ దిగేది. నిజం చెప్పాలంటే రుచిగా కూడా ఉండేది.

మొదట్లో రాగ్నాను చూడ్డానికి ఊరంతా వచ్చారు. మాట్లాడని మనిషి దగ్గర ఎంతసేపు కూర్చుంటారు? ఒక్కొక్కరే మానేశారు. నేను మాత్రం ప్రతి గురువారం వెళ్ళేదాన్ని. నా సిగ్గు నన్ను మెడపట్టి తోసేది. ఊళ్ళోవాళ్ళు, సిగ్రున్ ఎంత మంచిదో అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. పాస్టరుగారు ఒకసారి ప్రార్థనలో నా పేరు కూడా ఎత్తారు. బల్ల కింద దూరిపోవాలనిపించింది.

పోయిన శరదృతువులో ఒక గురువారం. హిల్మార్ ఉద్యోగం నుంచి దిగిపోయి అప్పటికి రెండేళ్ళు. పొయ్యి దగ్గర కూర్చుని దుంపలు ఒలుస్తున్నాడు. రాగ్నా నోటు పుస్తకంలో చాలాసేపు రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసి నా ముందు పెట్టింది.

"పదేళ్ళుగా నీకు చెప్పలేదు. ఆ రోజు హిల్మార్ కోసం విమానం ఆపమని నువ్వు టవర్‌తో ఎంత పోట్లాడావో అతను నాకు అప్పుడే చెప్పాడు. నీ మేలు మరిచిపోలేను."

నేను హిల్మార్ వైపు చూశాను. అతను తలెత్తలేదు. చేతిలో దుంప తొక్క పొడుగ్గా వేలాడుతోంది. రాగ్నా నా చెయ్యి పట్టుకుని జవాబు కోసం నా కళ్ళలోకి చూస్తోంది. చెప్పవలసిన మాట నాలుక చివర ఉంది.

"దానిదేముంది, రాగ్నా" అన్నాను.

అన్నాను, నిజంగానే. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

హిల్మార్ నన్ను గేటు దాకా సాగనంపాడు. అక్కడ ఆగి, ఆ రోజు, ఆ టికెట్, అని మొదలుపెట్టాను.

"హాల్లో కిటికీ పక్కనే ఉన్నాను, అమ్మాయ్" అన్నాడు. "నువ్వు టికెట్ చూడటం చూశాను. ఐలిఫ్‌తో ఏమన్నావో కూడా విన్నాను."

నన్నెందుకు నిలదీయలేదని అడిగాను. అతను గేటు తీసి పట్టుకున్నాడు.

"ఆవిడకి చెప్పకు. చెప్తే నువ్వు రావడం మానేస్తావ్. ఆవిడకి ఉన్నది ఈ గురువారాలే."

నేను వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు రాగ్నా కేకు కోసి మొదటి ముక్క నా పళ్ళెంలోనే వేస్తోంది, హిల్మార్‌కు తరువాత.