పాత లేఅవుట్ తీసెయ్యనియ్యని రాజేశం అన్న

నిన్న పొద్దుగాల జగిత్యాలల బస్సు కోసం నిలవడ్డ. సిరిసిల్ల నుంచి రాజేశం అన్న తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, అన్న పోయిండు. గుండెనొప్పి."

"ఎటు పోయిండు?" అన్న నేను.

బుర్ర పని చేస్తెనా!

మొన్ననే నాతోని లొల్లి పెట్టుకున్న మనిషి. "మిగతాది రేపు మాట్లాడుదాం చెల్లె" అని ఫోన్ పెట్టేసిన మనిషి.

గిట్లనా అన్నా మాట్లాడేది?

తెల్వనోళ్ళకు చెప్త. అన్నది సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. ఎన్కట ఒక తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, కోడ్‌తోని సహా ఫ్రీగా నెట్‌ల పెట్టిండు. ఎవలైనా వాడుకోవచ్చు, ఎవలైనా బాగు చెయ్యచ్చు. నేను గట్లనే చేరిన. నౌకరీలు చేసుకుంట, తీరినప్పుడు ఇద్దరం దాని మీద కూసునేటోళ్ళం. పైస రాదు. లొల్లి మాత్రం రోజూ.

లొల్లి ఒక్కదాని మీదనే. పాత టైపు మిషన్ల కాలం నాటి కీబోర్డ్ లేఅవుట్, అంటె ఏ మీట కొడితె ఏ అక్షరం పడాలె అనే వరుస.

మేం కొత్తగ ఏం చేసినా అది చెడిపోతది. బాగు చేసుడు నా పని. నా పానం తీసింది!

"తీసేద్దాం అన్నా. ఎవలు వాడుతుండ్రు? ఒక్కన్ని చూపెట్టు" అంటె, "చూపెడ్త తియ్" అని నవ్వేటోడు.

కోరుట్లల నా పెండ్లికి అచ్చి, అక్షింతలు ఏసుకుంట ఏమన్నడో ఎరుకేనా? "సల్లగుండు చెల్లె. పాత లేఅవుట్ ముట్టకు."

మా ఆయన ఇప్పటికీ అడుగుతడు, గదేంది అని.

ఆఖరికి నేనే వార్నింగ్ పెట్టిన. సాఫ్ట్‌వేర్ తెరవంగనే ఇంగ్లీషుల అస్తది, ఈ లేఅవుట్ వచ్చే వర్షన్ల ఉండది, కావాలంటె మాకు రాయుండ్రి అని. ఒక్కరన్న రాయలే.

"చూసినవా?" అన్న నేను.

"ఇంగ్లీషుల పెడితె ఎవడు సదువుతడు? ఓకే కొట్టి పని చేసుకుంటరు" అన్నడు. మొండి మనిషి! లేఅవుట్ తీసేసే కోడ్ రాసి పంపితె ఒప్పుకోలే. మొన్నటి లొల్లి గదే.

నిన్న సిరిసిల్ల పోంగనే తమ్ముడు నన్ను ఫ్లెక్సీ దుకాణంకు తోలిండు, పేరుల తప్పు పోకుంట చూడక్కా అని.

దుకాణపాయన సాఫ్ట్‌వేర్ తెరిచిండు. మనదే అన్నా.

నా వార్నింగ్ అచ్చింది.

సదవనన్న సదవలే. టక్కున ఓకే కొట్టిండు.

పాత లేఅవుట్‌లనే, కీబోర్డ్ దిక్కు చూడకుంట, నీ పేరు కొట్టిండు. దాని కింద శ్రద్ధాంజలి.

"గీ లేఅవుట్ తీసేస్తరట, తెలుసా?" అని అడిగిన.

"ఏందమ్మా! నా చేతులకు వేరేది రాదు. దుకాణం మూసుకునుడే" అన్నడు.

చూపెడ్త అంటివి. గిట్లనా చూపెట్టేది? ఆడనే స్టూల్ మీద కూసోని ఏడ్సిన.

ఇయ్యాల పొద్దుగాల నా కోడ్ వాపస్ తీసుకున్న. వార్నింగ్ గూడ తీసేసిన. గా లేఅవుట్ చెడిపోయినప్పుడల్ల నిన్ను తిట్టుకుంటనే బాగు చేస్త.

పోయిరా అన్నా. ఆడనన్న ఎవలతోని లొల్లి పెట్టుకోకుంట నిమ్మలంగ ఉండు.